ఎస్.జి.పి.టి. తగ్గింది, మరి లివర్ సంగతి?



దీర్ఘకాలిక లివర్ జబ్బుతో మన ఓ.పి.కి వచ్చేవారు కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరమ్మా, ఎస్.జి.పి.టి. ఎంతొచ్చింది?" కడుపు ఉబ్బి, కాళ్ళకు నీరు పట్టి, మనిషి సరిగా నిలబడలేకపోతున్నా ఆ ఒక్క అంకె తగ్గిందంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. పెరిగిందంటే ముఖాలు వాడిపోతాయి. ఈ అలవాటు వల్ల ప్రాణాల మీదికి వస్తోందని చెప్పడానికే ఈ నెల ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో కొన్ని మాటలు, ముఖ్యంగా రోగికి నిజం చెప్పడం గురించి రాసినవి, కొందరికి నచ్చకపోవచ్చు.

కొన్నేళ్ళ క్రితం కళ్యాణదుర్గం వైపు పల్లె నుంచి ఒకాయన మన దగ్గర చూపించుకునేవారు. వయసు యాభై దాటింది. తాగుడు వల్ల లివర్ గట్టిపడి సిర్రోసిస్ అయింది. మనసు గట్టి చేసుకుని తాగుడు మానేశారు. అది చిన్న విషయం కాదు, ఇంట్లో వాళ్ళకు తెలుసు. మొదటిసారి వచ్చినప్పుడు 140 ఉన్న ఎస్.జి.పి.టి. ఆరు నెలల్లో 34కు దిగింది. రిపోర్టులో దాని పక్కన నక్షత్రం గుర్తు లేదు. "నార్మల్ వచ్చేసింది, ఇంక మాత్రలెందుకు?" అని ఇంట్లో అందరూ అనుకున్నారు. నీరు తీసే మాత్రతో పాటు కార్వెడిలాల్ అనే చిన్న మాత్ర కూడా ఆపేశారు. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి రక్తం కక్కుకున్నారు. 108 బండిలో వచ్చారు, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకు బ్యాండు వేయించాల్సి వచ్చింది. దేవుని దయవల్ల బతికారు. ఆ మాత్ర ఇచ్చిందే ఆ రక్తనాళాల్లో ఒత్తిడి తగ్గించడానికి. దానికీ ఎస్.జి.పి.టి.కీ సంబంధమే లేదు. ఆ సంగతి ఆయనకు ముందే విడమరిచి చెప్పకపోవడం నా పొరపాటు.

ఎస్.జి.పి.టి. అనేది లివర్ కణాల లోపల ఉండే ఒక పదార్థం. కణం దెబ్బతింటే అది కారి రక్తంలోకి వస్తుంది. కాబట్టి ఆ అంకె చెప్పేది ఈ వారం ఎంత కారుతోందనే. లివర్ ఎంత పని చేస్తోందో అది చెప్పదు. బోరు ఉన్న రైతుకు దీన్ని వివరించడం సులువు. పొలంలో పైపు కారుతూ ఉండి ఒకరోజు కారడం ఆగిపోయిందనుకోండి. ఎవరైనా బాగు చేసి ఉండాలి, లేదా బోరులో నీళ్ళే అయిపోయి ఉండాలి. పైపును మాత్రమే చూస్తే ఆ రెంటిలో ఏది జరిగిందో తెలియదు. సిర్రోసిస్ ముదిరిన లివర్‌లో కారడానికి మిగిలిన మంచి కణాలే తక్కువ. అందుకే బాగా చెడిపోయిన లివర్ ఉన్నవారికి కూడా ఎస్.జి.పి.టి. 30, 35 వచ్చి కూర్చుంటుంది. పచ్చకామెర్లు కొత్తగా వచ్చిన కుర్రాడికి 1500 ఉండి, నెలన్నరలో పూర్తిగా కోలుకుని కళాశాలకు వెళ్ళిపోవచ్చు.

నీళ్ళెన్ని ఉన్నాయో తెలియాలంటే బోరు లోతే చూడాలి కదా. లివర్ చేసే పనుల్లో మూడింటిని రక్తంలో కొలవవచ్చు. అది అల్బుమిన్ అనే మాంసకృత్తిని తయారుచేస్తుంది. ఇది మామూలుగా 3.5కు పైన ఉండాలి. తగ్గితే కాళ్ళలో, కడుపులో నీరు చేరడానికి దారి తీస్తుంది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన పదార్థాలను కూడా లివరే తయారుచేస్తుంది. అవి తక్కువైతే ఐ.ఎన్.ఆర్. అనే అంకె 1 నుంచి పైకి పోతుంది. ఇక బిలిరుబిన్ అనే పసుపు పదార్థాన్ని శుభ్రం చేసి పంపడం మూడో పని. ఆ పని నిదానించినప్పుడు కళ్ళు పచ్చబడతాయి. వీటిలో అల్బుమిన్ నిదానంగా కదిలే అంకె. అది రక్తంలో మూడు వారాల దాకా నిలుస్తుంది కనుక వారంలో పెద్దగా మారదు. ఐ.ఎన్.ఆర్. రోజుల్లోనే మారగలదు. కాబట్టి పది రోజులకొకసారి అల్బుమిన్ చేయించి "ఇంకా పెరగలేదే" అని దిగులుపడటం డబ్బు దండగ.

ప్లేట్‌లెట్ల గురించి కూడా ఒక మాట. డెంగీ జ్వరాల పుణ్యమా అని ఈ పేరు ఇప్పుడు మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సిర్రోసిస్ ఉన్న మనిషికి 80,000 అని రిపోర్టు రాగానే బొప్పాయి ఆకు రసం మొదలుపెడతారు. ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గడానికి కారణం వేరు. లివర్ గట్టిపడి దాని గుండా రక్తం పోలేక వెనక్కు ఒత్తిడి పెరుగుతుంది, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను పట్టి ఉంచుకుంటుంది. ఏళ్ళ తరబడి మెల్లగా తగ్గుతూ వచ్చిన ఆ అంకె డాక్టరుకు చెప్పే సంగతి ఎండోస్కోపీ చేసి రక్తనాళాలు చూడాలేమో అని. దానికి రసాలతో పని లేదు.

ఇప్పుడు స్కోర్ల సంగతికి వస్తాను. పెద్దాసుపత్రి డిశ్చార్జి కాగితంలో "చైల్డ్ బి", "మెల్డ్ 16" అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని పరీక్ష మార్కుల్లా చదువుతారు. ఒక తల్లి నాతో "16కే ఆగిపోయింది, ఇంకొంచెం పెరగాల కదమ్మా?" అన్నది. ఈ స్కోర్లలో తక్కువ ఉండటమే మంచిది.

చైల్డ్ స్కోరు పాతది. 1964లో అమెరికాలో చైల్డ్, టర్కాట్ అనే ఇద్దరు వైద్యులు మొదలుపెట్టగా, 1973లో లండన్‌లో పగ్ అనే వైద్యుడు, ఆయన తోటివారు దాన్ని సవరించారు. లివర్ రోగుల్లో ఆపరేషనుకు ఎవరు తట్టుకోగలరో తెలుసుకోవడానికి దాన్ని తయారుచేశారు. ఐదు విషయాలకు ఒక్కోదానికి 1 నుంచి 3 పాయింట్లు ఉంటాయి. మొత్తం 5 లేక 6 వస్తే ఎ, 7 నుంచి 9 వరకు బి, 10 నుంచి 15 వరకు సి. ఆ ఐదింటిలో మూడు నేను పైన చెప్పిన అల్బుమిన్, ఐ.ఎన్.ఆర్., బిలిరుబిన్. మిగిలిన రెంటికి ల్యాబుతో పని లేదు. కడుపులో నీరు ఉందా, మతి తేటగా ఉందా అన్నవి ఆ రెండు. ఈ రెంటినీ నాకంటే ముందు చూసేది ఇంట్లో వాళ్ళే. పగలు నిద్ర, రాత్రి మెలకువ, పొంతన లేని మాటలు, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకోవడం, ఇవి వయసు వల్లనో కోపం వల్లనో అని సరిపెట్టుకోకండి. సంతకం పెట్టగలవారి చేత రోజూ క్యాలెండరు మీద సంతకం పెట్టించమని నేను చెబుతుంటాను. అక్షరం వంకరపోతే వెంటనే తీసుకురావాలి. మలబద్ధకం వల్ల ఈ మత్తు ఎక్కువవుతుంది. లాక్టులోజ్ అనే తియ్యటి మందు ఇచ్చేది అందుకే. "విరేచనాలవుతున్నాయి" అని మీ అంతట మీరు దాన్ని ఆపేయకండి, ఎంత తగ్గించాలో మమ్మల్ని అడగండి. రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం కావాలన్నదే మా ఉద్దేశం.

మెల్డ్ కొత్తది. 2000, 2001 సంవత్సరాల్లో అమెరికాలోని మాయో క్లినిక్ వైద్యులు దీన్ని తయారుచేశారు. 2002 నుంచి ఆ దేశంలో లివర్ మార్పిడి వరుసలో ఎవరిని ముందు నిలపాలో తేల్చడానికి దీన్ని వాడుతున్నారు. బిలిరుబిన్, ఐ.ఎన్.ఆర్., కిడ్నీ పని చెప్పే క్రియాటినిన్, ఈ మూడింటి నుంచి లెక్క కట్టి 6 నుంచి 40 మధ్య ఒక అంకె ఇస్తారు. తర్వాతి కాలంలో సోడియంను, ఈ మధ్య అల్బుమిన్‌ను, స్త్రీలా పురుషులా అన్నదాన్ని కూడా కలిపారు. 15 దాటితే మార్పిడి గురించి నిపుణులతో మాట్లాడి ఉంచుకోమని సాధారణంగా సలహా ఇస్తారు.

ఈ లెక్కలో కిడ్నీ కూడా ఉందన్నది గుర్తుంచుకోండి. దాని వల్ల ఒక కుటుంబం ఎంత నలిగిందో చెబుతాను. ఒక మే నెలలో, మన ఎండల సంగతి మీకు చెప్పనక్కరలేదు, హెపటైటిస్-బి వల్ల సిర్రోసిస్ ఉన్న ఒక చేనేత పనివాడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నీరు తీసే మాత్ర మానకుండా వేసుకుంటూనే, ఒళ్ళునొప్పులకు మెడికల్ షాపులో నొప్పి మాత్రలు కూడా కొని వేసుకున్నాడు. బంధువులు భయపడి పెద్ద ఊరికి తీసుకెళ్ళారు. అక్కడ మెల్డ్ 20 అని చెప్పారు. అంతకు రెండు నెలల ముందు మన దగ్గర 14. "మూడు నెలలకు మించి కష్టం" అని ఎవరో అన్నారట. డాక్టరు అన్నారో, పక్క మంచం వాళ్ళు అన్నారో ఇప్పటికీ తేలలేదు. మగ్గం అమ్మడానికి బేరం పెట్టారు, ఆడపిల్ల పెళ్ళి హడావిడిగా కుదిర్చారు.

కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే బిలిరుబిన్ రెండుసార్లూ 2, ఐ.ఎన్.ఆర్. రెండుసార్లూ 1.5. మారింది క్రియాటినిన్ ఒక్కటే. 1 ఉన్నది 2 అయింది. ఆ లెక్కలో అదొక్కటే 14ను 20 చేస్తుంది. ఒంట్లో నీరు ఇంకిపోయి, పైన నొప్పి మాత్రలు పడి, కిడ్నీ దెబ్బతిన్నది. నీరు తీసే మాత్ర కొన్నాళ్ళు ఆపి, సెలైన్, అల్బుమిన్ ఎక్కించాక రెండు వారాల్లో స్కోరు మళ్ళీ 14కు వచ్చింది. ఆ 20 అబద్ధమని కాదు. ఆ రోజుకు అది నిజమే, ప్రమాదమూ నిజమే, అలాంటి కిడ్నీ దెబ్బ నుంచి కోలుకోని వారినీ చూశాను. దానికి చేయగల వైద్యం ఉంది. మగ్గం అమ్మే పని లేదు. (లివర్ జబ్బు ఉన్నవారు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కుని వాడరాదు. నొప్పికి, జ్వరానికి ఏది, ఎంత మోతాదులో వేసుకోవచ్చో అడిగి తెలుసుకోండి.)

అలాగే గుండె జబ్బుకు వార్ఫారిన్ వాడేవారికి ఆ మందు వల్లనే ఐ.ఎన్.ఆర్. పెరిగి మెల్డ్ ఎక్కువగా కనిపిస్తుంది. ఫైబ్రోస్కాన్‌కు వెళ్ళేముందు టిఫిన్ తింటే లివర్ ఉన్నదానికంటే గట్టిగా ఉన్నట్టు చూపవచ్చు. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్ళాలి. బెంగళూరు దాకా బస్సు ఖర్చు పెట్టుకుని వెళ్ళి, స్టాండులో ఇడ్లీ తిని స్కాను చేయించుకుని, ఆ అంకె చూసి ఏడ్చినవారున్నారు.

మరి "మూడు నెలలు" అన్న మాట ఎక్కడిది? మెల్డ్ చెప్పేది మూడు నెలల లెక్కే. 2003లో ప్రచురించిన అమెరికా వివరాల ప్రకారం, మార్పిడికి ఎదురుచూస్తూ 20 నుంచి 29 మధ్య స్కోరు ఉన్న నూరుమందిలో సుమారు 20 మంది మూడు నెలల్లో చనిపోయారు. అంటే 80 మంది ఉన్నారు. మనవాడు ఆ 20లో ఒకడో 80లో ఒకడో ఆ అంకె చెప్పదు, చెప్పలేదు. మండల కేంద్రంలో 40 మిల్లీమీటర్ల వాన పడిందని పేపర్లో వేస్తారు. అది మండలం లెక్క. మన చేనులో దుమ్ము లేస్తూ ఉండవచ్చు, పక్క ఊరిలో వంక పారి ఉండవచ్చు. పంటల బీమా లెక్కలతో తల పట్టుకున్న అనంతపురం రైతుకు ఈ తేడా నేను నేర్పనక్కరలేదు. ఆసుపత్రికి వచ్చేసరికి మాత్రం అదే రైతు మండలం లెక్కను తన చేను లెక్కగా తీసుకుంటున్నాడు.

ఇక నేను పట్టుబట్టి చెప్పదలచిన విషయం. "ఆయనకు చెప్పొద్దు డాక్టరమ్మా, తట్టుకోలేడు" అని భార్య, "నాన్నకు తెలియనీయొద్దు" అని కొడుకు నన్ను వరండాలోకి పిలుస్తారు. ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కానీ మందు మింగేది ఆయన, ఉప్పు మానేది ఆయన, తాగుడు మానాల్సింది ఆయన. తన లివర్ ఏ స్థితిలో ఉందో తెలియని మనిషి ఊరగాయ ఎందుకు వదులుకుంటాడు? ఎస్.జి.పి.టి. ఒక్కటే చెప్పి "బాగుంది" అని పంపడం కూడా దాచడమే. నా అభిప్రాయంలో స్కోరు రోగికే ముందు చెప్పాలి. అంకె ఒక్కటే విసిరేయకుండా, అందులో ఏమేమి కలిశాయి, ఏది బాగుచేయగలం, ఏది చేయలేం అన్నది కూర్చుని చెప్పాలి. దానికి పది నిమిషాలు పడుతుంది. రద్దీగా ఉన్న రోజుల్లో ఆ పది నిమిషాలు మేము ఇవ్వలేకపోతున్నామని ఒప్పుకుంటున్నాను. అడగండి. అడిగితే కోప్పడము.

హిజ్కియా రాజు సంగతి మీ అందరికీ తెలుసు. యెషయా ప్రవక్త వచ్చి ఇల్లు చక్కబెట్టుకొమ్మని ఆయనకే నేరుగా చెప్పాడు, భార్యాపిల్లల్ని పక్కకు పిలిచి చెప్పలేదు. రాజు గోడవైపు తిరిగి ఏడ్చాడు. ఆ తర్వాత పదిహేనేళ్ళు బతికాడు. ప్రార్థన విన్న దేవుడు చెప్పిన మాట మీదనే అంజూరపు ముద్ద కట్టి వైద్యం కూడా చేశారన్నది మన ప్రసంగాల్లో తక్కువగా వినబడే భాగం. ఉపవాస ప్రార్థన పెట్టుకుని మాత్రలు ఆపేసేవారికి నేను దాన్ని గుర్తుచేస్తుంటాను. అసలు సిర్రోసిస్ ఉన్నవారు ఉపవాసం చేయరాదు. రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటేనే వారి కండ కరిగిపోతుంది. పడుకునేముందు కొంచెం తిని పడుకోవాలి.

తిండి మాట వచ్చింది కాబట్టి, పత్యం. కామెర్లు అనగానే మన ఇళ్ళల్లో గంజి, మజ్జిగన్నం తప్ప అన్నీ బంద్ చేస్తారు. నెలల తరబడి అలా పెడితే అల్బుమిన్ ఎక్కడినుంచి రావాలి? పప్పు, గుడ్డు, పాలు, సంగటితో పాటు చేపో కోడో, ఇవి తినవచ్చు, తినాలి. తగ్గించాల్సింది ఉప్పు. చెనక్కాయలు కూడా మంచివే, కానీ బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, చేదెక్కినవి ఏరి పారేయండి. పంట చివర్లో వాన తప్పి కాయ బెట్టకు గురైనప్పుడు, తేమగా మూటకట్టినప్పుడు అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. అది లివర్ క్యాన్సరుకు ఒక కారణం. హెపటైటిస్-బి ఉన్నవారికి ఆ ముప్పు మరీ ఎక్కువ. మంచి కాయ అమ్మేసి, ఏరివేసిన కాయ ఇంట్లో పచ్చడికి ఉంచుకునే అలవాటు మనలో ఉంది. దయచేసి మానండి.

పసరు మందులు కూడా అంతే. నేల ఉసిరి మీద 1988లో మద్రాసు వైద్యులు ఆశలు రేపే ఫలితాలు ప్రచురించారు. తర్వాత చేసిన పరిశోధనల్లో అవి నిలబడలేదు. తిప్పతీగ వాడి లివర్ దెబ్బతిన్నవారిని 2021లో ముంబయి వైద్యులు నివేదించారు. ఆకు కాబట్టి హాని చేయదు అనుకోవద్దు. హెపటైటిస్-బి, సి లకు 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష, మందులు ఉచితంగా దొరుకుతున్నాయి. అవి వదిలి పసరుకు వేలు పోయడం నాకు అర్థం కాదు.

సంఘ పెద్దలకు కూడా ఒక మనవి. లివర్ జబ్బు అనగానే తాగుబోతు అనే ముద్ర వేయకండి. తల్లి నుంచి బిడ్డకు వచ్చిన హెపటైటిస్-బి, షుగరు, ఒంటి కొవ్వు వల్ల వచ్చే ఫ్యాటీ లివర్, ఇవి ఎన్నడూ చుక్క ముట్టని స్త్రీలకు కూడా సిర్రోసిస్ తెస్తున్నాయి. ముద్రకు భయపడి వారు ఆలస్యంగా వస్తున్నారు. తాగినవారైతే నిజం చెప్పడం లేదు. పౌలు తిమోతికి ఇచ్చిన సలహాను చూపించి "కొంచెమైతే పరవాలేదు కదా" అని నన్ను అడిగినవారు ముగ్గురున్నారు. తిమోతికి ఉన్నది కడుపు బలహీనత. సిర్రోసిస్ ఉన్నవారికి కొంచెం కూడా వద్దు. మానేసినవారిలో సి నుంచి బి కి, బి నుంచి ఎ కి వచ్చినవారిని మన వార్డులోనే చూశాం.

వచ్చేసారి వచ్చేటప్పుడు పాత రిపోర్టులన్నీ తెండి, "నార్మల్" అని పారేసినవి తప్ప అనకుండా అన్నీ. ఒక నోటు పుస్తకంలో తేదీ వేసి బిలిరుబిన్, అల్బుమిన్, ఐ.ఎన్.ఆర్., క్రియాటినిన్, ప్లేట్‌లెట్లు, ఇంటి దగ్గర చూసుకున్న బరువు రాసుకోండి. చదువు రానివారికి మన సిస్టర్లు రాసిపెడతారు. ఎస్.జి.పి.టి. కూడా రాయండి, చివర్లో. సిర్రోసిస్ ఉన్నవారు అంకెలు ఎంత బాగున్నా ఆరు నెలలకొకసారి కడుపు స్కానింగు చేయించుకోవాలి, క్యాన్సరును తొలిదశలో పట్టుకోవడానికి. రక్తం కక్కినా, మలం తారులా నల్లగా వచ్చినా, కడుపులో నీరు ఉన్నవారికి జ్వరం వచ్చినా, మనిషి మత్తుగా ఉన్నా, రిపోర్టు కోసం ఎదురుచూడకుండా ఏ రాత్రైనా 108కు ఫోను చేసి బయలుదేరండి. పుస్తకం వెంట తీసుకురావడం మరవకండి.